నాగు వెళ్లిన దారి, డ్రాగన్ వచ్చిన దారి



ఈ అనువాద సదస్సుకు అధ్యక్షత వహించమన్నప్పుడు, ఒక్క మాట చేసిన ప్రయాణం చెప్పి కూర్చుందామనుకున్నాను. ఆ మాట డ్రాగన్. సరిహద్దులో ఏదైనా జరిగితే చాలు, మన పత్రికల్లో డ్రాగన్ కోరలు చాస్తుంది, బుసలు కొడుతుంది. చైనావాళ్లు ‘లోంగ్’ అనే జీవి మాత్రం నిప్పు కక్కదు, వాన కురిపిస్తుంది.

క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన నిఘంటువు, లోంగ్ పొలుసుల ప్రాణులన్నిటికీ పెద్ద అంటుంది. వసంత విషువత్తుకు ఆకాశానికెక్కి, శరద్విషువత్తుకు మడుగులోకి దిగుతుందట. అంటే రైతు పంచాంగమే ప్రాణం పోసుకుందన్నమాట. దాని ఒంటిమీద లేడి కొమ్ములు, చేప పొలుసులు, డేగ గోళ్లు ఉంటాయి. నేల, నీరు, నింగి మూడూ అందులో ఉన్నాయి. చక్రవర్తులు అయిదు గోళ్ల లోంగ్‌ను తమ గుర్తుగా దాచుకున్నారు. పల్లె జనానికి దానిమీద చనువెక్కువ. కరువొస్తే ఉత్తర చైనాలో వానదేవర విగ్రహాన్ని ఎండలో నిలబెట్టేవారు, ఆ మంట తనకూ తెలియాలని. మనం వానకోసం విరాటపర్వం చదివించి వేడుకుంటాం, వాళ్లు నిలదీశారు.

ఇక మన వాటా. బౌద్ధ గ్రంథాలు చైనా చేరినప్పుడు అనువాదకులకు ‘నాగ’ శబ్దం ఎదురైంది. నీళ్లకు కావలికాసే నాగులకు వాళ్లు ‘లోంగ్’ అనే పేరే పెట్టారు. నాగరాజు ‘లోంగ్‌వాంగ్’ అయ్యాడు, సముద్రం అడుగున కోటలు కట్టుకున్నాడు. మన నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తున్నదో ఆ నాగార్జునాచార్యుణ్ణి, 401లో చాంగాన్ చేరిన అనువాదకుడు కుమారజీవుడు ‘లోంగ్‌షు’ అన్నాడు. షు అంటే చెట్టు. 7వ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ ‘లోంగ్‌మెంగ్’ అన్నాడు. మెంగ్ అంటే శౌర్యం. అర్జునలో ఒకరు మద్దిచెట్టును చూశారు, ఇంకొకరు వీరుణ్ణి చూశారు. నాగ అంటే లోంగ్ అన్నచోట మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

తర్వాత యూరప్‌వారు అదే లోంగ్‌ను డ్రాగన్ అన్నారు. వారి బైబిలు చివరి గ్రంథంలో డ్రాగన్ సాక్షాత్తు సాతాను. తెలుగు బైబిలు దాన్ని ఘటసర్పం అంది, అక్కడ అది తగిన మాటే. వాన దేవరకు ఆ పేరు తగిలించడంతోనే చిక్కు వచ్చింది. 2024లో లోంగ్ సంవత్సరం వచ్చినప్పుడు చైనా ప్రభుత్వ మాధ్యమాలు ఇంగ్లీషులో సైతం డ్రాగన్‌ను పక్కనపెట్టి ‘లూంగ్’ అని రాశాయి.

మన గడప దాటి వెళ్లిన నాగు ఇంగ్లీషు దారిన తిరిగొస్తే మనమే పోల్చుకోలేకపోయాం. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేత్తోనే డ్రాగన్ కోరల శీర్షిక రాస్తున్నాం.

ఇవాళ పత్రాలు చదవబోయే యువ అనువాదకులకు నా మనవి ఒక్కటే. చైనా కథకు ఇంగ్లీషు ప్రతి ముందు పెట్టుకున్నప్పుడు, డ్రాగన్ కనబడితే కలం ఆపి, అది ఏం చేస్తున్నదో చూడండి. వాన కురిపిస్తుంటే నాగరాజు అనండి, లేదా లోంగ్ అనే ఉంచండి.

నా మాట ముగిస్తున్నాను. మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.