డెస్పాచ్ సెక్షన్ మార్చేసిన నంబర్లు
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫీజు కట్టడం, ఫారం నింపడం, ఈ ట్రస్టు ఇచ్చే సొమ్ము ఖాతాలో పడిందా అని చూసుకోవడం, అన్నీ ఇప్పుడు ఇంటర్నెట్టులోనే. మీరు బ్యాంకు పేరు టైపు చేస్తారు. కంప్యూటరుకు పేరు చాలదు, అంకెల చిరునామా కావాలి. పేరు ఇస్తే చిరునామా చెప్పే ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. అది తప్పుడు చిరునామా చెబితే, మీరు సరైన పేరే టైపు చేసినా దొంగ గుమ్మం ముందు నిలబడతారు. 2008లో ఇలాంటి ప్రమాదమే ఒకటి బయటపడింది. దాన్ని సరిచేశారు. సరిచేసినదాన్ని కొన్నిచోట్ల మధ్యలోని మరో పెట్టె చెడగొట్టింది. నేను కామర్సు చదివి బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా ఇది నాకు తేలిగ్గానే అర్థమైంది. ఇందులో ఉన్నదంతా ఆఫీసు ఉత్తరాల వ్యవహారమే మరి.

డి.ఎన్.ఎస్. సర్వరు తనకు తెలియని పేరు వస్తే మరో సర్వరుకు ఉత్తరం రాస్తుంది. దాని మీద ఒక నంబరు వేస్తుంది. జవాబు అదే నంబరుతో వస్తే నమ్మి, కొంతకాలం గుర్తుపెట్టుకుని, అడిగినవాళ్లందరికీ అదే చెబుతుంది. ఆ నంబరు 65,536 రకాలుగా మాత్రమే ఉండగలదు. అసలు జవాబు వచ్చేలోగా దొంగ నకిలీ జవాబులు గుమ్మరిస్తే ఏదో ఒకటి తగలవచ్చు. తగలకపోతే, అసలు జవాబు గడువు తీరేదాకా ఆగాలి కదా అని అందరూ ధైర్యంగా ఉండేవారు.

అమెరికాకు చెందిన డాన్ కమిన్‌స్కీ ఆ ధైర్యం ఉత్తదని కనిపెట్టారు. బ్యాంకు పేరుకు ముందు 1, 2, 3 అని తగిలించి లేని పేర్లు అడుగుతూ పోతే ప్రతిసారీ కొత్త పందెమే. ఒక్కసారి గెలిస్తే చాలు. ఆ నకిలీ జవాబులోనే ‘ఈ బ్యాంకు చిరునామాలన్నీ ఇకమీదట ఫలానా చోట అడగండి’ అని చేర్చి పంపవచ్చు. ఆయన దీన్ని అమ్ముకోలేదు. నిపుణులు గుట్టుగా పనిచేశారు. 2008 జూలై 8న మైక్రోసాఫ్ట్, సిస్కో వంటి సంస్థలు ఒకే రోజు మందు విడుదల చేశాయి. పోటీ కంపెనీలు అలా ఒక్క మాట మీద నిలబడడం నాకు భలే నచ్చింది. కమిన్‌స్కీ 2021లో చిన్న వయసులోనే కన్నుమూశారు.

మందు ఏమిటంటే పోర్టు. ఉత్తరం ఏ కిటికీ నుంచి వెళ్లిందో జవాబు ఆ కిటికీకే రావాలి. అంతకుముందు చాలా సర్వర్లు ఎప్పుడూ ఒకే కిటికీ వాడేవి. ఇకమీదట వేల కిటికీల్లో ఏదో ఒకటి. 65,536ను సుమారు 64,000తో హెచ్చిస్తే 400 కోట్లు దాటుతుంది. దొంగ ఊహించలేడు.

ఇక డెస్పాచ్ సెక్షన్. మా బ్రాంచిలో ఏ సీటు నుంచి ఉత్తరం బయలుదేరినా డెస్పాచ్ రిజిస్టరులో వరస నంబరు పడేది. 101, 102, 103. బయటివాడికి కనిపించేది అదే. నెట్‌వర్కులో ఈ పని చేసేది నాట్. లోపల వంద కంప్యూటర్లు ఉన్నా బయటికి ఒకే చిరునామాతో పంపుతుంది. ఎవరి జవాబు ఎవరిదో తెలిసేందుకు పోర్టు నంబర్లు మార్చి రాసుకుంటుంది. మంచి పనే. కానీ అప్పట్లో కొన్ని రౌటర్లు, ఫైర్‌వాల్‌లు ఈ నంబర్లు వరసగా ఇచ్చేవి. సర్వరు ఎంతో జాగ్రత్తగా 48211, 9307, 30654 అని ఎంచుకుంటే, గేటు దగ్గర అవి 1024, 1025, 1026 అయిపోయేవి. దొంగ తన సొంత సర్వరుకు ఒక ప్రశ్న వచ్చేలా చేసుకుని నంబరు చూస్తే తర్వాతది ఊహించగలడు. 400 కోట్లు మళ్లీ 65,536 దగ్గరికి దిగజారుతుంది. సర్వరు నడిపేవాడు మాత్రం మందు వేశాను, పనైపోయింది అనుకుంటాడు. లోపలి నుంచి చూస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి మరి.

అందుకే డి.ఎన్.ఎస్.-ఓ.ఎ.ఆర్.సి. అనే సంస్థ బయటి నుంచి పరీక్షించే ఏర్పాటు చేసింది. మీ సర్వరు ద్వారా వాళ్లను అడిగితే, తమ దగ్గరికి చేరిన పోర్టులు చూసి గ్రేట్, గుడ్, పూర్ అని మార్కు వేసేవారు. (బ్యాంకులో ఆడిటరు వేరే ఊరి నుంచి వచ్చేది ఇందుకే.) పూర్ వస్తే రౌటరు సాఫ్ట్‌వేరు మార్చడమో, డి.ఎన్.ఎస్. సర్వరును నాట్ వెనక నుంచి తీసి సొంత చిరునామా ఇవ్వడమో చేయాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. చిరునామాలో మోసం జరిగినా, సర్టిఫికెట్టు సరిపోకపోతే బ్రౌజరు హెచ్చరిక చూపుతుంది. ఫీజు గడువు తొందరలో దాన్ని దాటి ముందుకు పోకండి. కాలేజీకి ఫోను చేసి కనుక్కోండి.

అసలు నంబరు చూసి నమ్మడమే బలహీనమైన పద్ధతి. బ్యాంకులో చేతిలో టోకెన్ ఉన్నా, చెక్కు మీది సంతకం స్పెసిమెన్ కార్డుతో పోల్చాకే డబ్బిచ్చేవాళ్లం. డి.ఎన్.ఎస్.కు అలాంటి సంతకం పద్ధతి ఉంది, పేరు డి.ఎన్.ఎస్.సెక్. అన్నిటికీ పైనున్న రూట్‌కు 2010 జూలైలో సంతకం పడింది. కింది పేర్లవాళ్లు ఎవరికి వారే చేయించుకోవాలి. చేయించుకోనివి ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటికి కాపలా ఆ నంబరూ ఆ కిటికీయే. ఆ కిటికీని మరో దారిలో కనిపెట్టవచ్చని 2020లో అమెరికా, చైనా పరిశోధకులు చూపించారు. కంప్యూటరు సైన్సు చదువుతున్న పిల్లలు సాడ్ డి.ఎన్.ఎస్. అని వెతికితే ఆ పత్రం దొరుకుతుంది.