సామాను మళ్ళీ లోపల పెట్టే ముందు
(రాయ్‌పూర్‌లో వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను చదివింది ఇంటర్మీడియట్. పెద్ద ఉపన్యాసాలు నాకు రావు. మొన్న వేసవిలో మా ఇల్లు బాగు చేయించాము. స్లాబు కారుతోందని మొదలుపెట్టి, వంటింటి గట్టు, నేలకి టైల్సు, రంగులు దాకా వెళ్ళింది. మేస్త్రీ నెల అన్నాడు, రెండున్నర నెలలు పట్టింది. ఆ కథ మీ అందరికీ తెలిసినదే. పని అయ్యాక వరండాలో టార్పాలిను కింద ఉన్న సామాను మళ్ళీ లోపల పెట్టడం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్తాను.

సిపాయిగా చేరినప్పుడు మన ఆస్తి ఎంత? ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక బిస్తరు. పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. కిట్ లేఅవుట్ రోజున మగ్గు నుంచి సూదీ దారం దాకా వరసగా పరిచి చూపించేవాళ్ళం. ఏది ఎక్కడుందో చీకట్లో చెయ్యి పెట్టి తీసేవాళ్ళం. అదే మనిషి పెన్షన్ వచ్చాక ఏం పోగు చేశాడో చూడండి. మా అటక మీద నుంచి మూడు ప్రెషర్ కుక్కర్లు దిగాయి, క్యాంటీన్లో చవక అని కొన్నవి. కాలిపోయిన కూలరు మోటార్లు నాలుగు, హోల్డాళ్ళు రెండు, పిల్లల పదో తరగతి గైడ్లు. మనలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి విజయనగరం రైలు మార్గాన వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళమే కదా, అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెలు, గంగాళం కూడా ఉన్నాయి.

యూనిట్లో పాత స్టోర్సు తీసెయ్యాలంటే బోర్డు కూర్చుంటుంది. సర్వీసబుల్, రిపేరబుల్, బియాండ్ ఎకనామికల్ రిపేర్ అని మూడు కుప్పలు. ఇంట్లోనూ బోర్డు వేశాము. ప్రిసైడింగ్ ఆఫీసరు మా ఆవిడ, నేను మెంబరు. మోటార్లన్నీ నేను రిపేరబుల్ అన్నాను. ఆవిడ ఒక్క మాటతో కబాడీ వాడికి ఇచ్చేసింది. ఇత్తడి మాత్రం ముట్టుకోనివ్వలేదు, నేనూ వాదించలేదు.

రెండు విషయాల్లో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. ఒకటి పాత యూనిఫాం. దాన్ని కబాడీకి ఇవ్వకండి, పనివాళ్ళకీ ఇవ్వకండి. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్ బేస్ మీద దాడి చేసినవాళ్ళు ఆర్మీ డ్రెస్సులో వచ్చారు. ఆ తర్వాతే, పౌరులు కాంబాట్ డ్రెస్సు వేసుకోవద్దని, దుకాణాల వాళ్ళు అమ్మవద్దని ఆర్మీ విజ్ఞప్తి చేసింది. 2022 ఆర్మీ డే నాడు కొత్త డిజైను వచ్చింది, పాతది ఇక ఎందుకులే అనుకుంటాం. కానీ దూరం నుంచి చూసేవాడికి కొత్తా పాతా తెలియదు. మనం ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో, ఇంకా విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక జత దాచుకున్నాను. మిగతావి బ్యాడ్జీలు విప్పి, కత్తిరించి, స్కూటరు తుడిచే గుడ్డలు చేశాను.

రెండోది కాగితాలు. దీని గురించే అసలు మాట్లాడాలనుకున్నాను.

మన మిత్రుడొకరు, పేరు చెప్పను, ఇల్లు బాగు చేయిస్తూ ఉండగానే గుండెపోటుతో పోయారు. సామాను సర్దిన కూలీలు కాగితాలన్నీ సిమెంటు సంచుల్లో కుక్కి డాబా మీద పెట్టారు. వాన పడింది. వదినగారికి డిశ్చార్జి బుక్కు ఏదో, పీపీవో ఏదో తెలియదు. ఆయన ఎప్పుడూ చూపించలేదు. పైగా పేరు తేడా. మనకి ఇంటిపేరు ముందు, ఇక్కడి వాళ్ళకి వెనక. రికార్డులో ఒకలా, ఆధార్లో ఒకలా, బ్యాంకులో మూడోలా ఉంది. భర్త పోయిన మనిషి ఫ్యామిలీ పెన్షన్ కోసం ఎనిమిది నెలలు తిరిగారు. ఆ ఎనిమిది నెలలూ ఇల్లు బాగు చేసిన అప్పు వాయిదాలు ఆగలేదు.

ఇప్పుడు స్పర్శ్ వచ్చింది, పీపీవో అందులో దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. కానీ లాగిన్ ఎవరికి తెలుసు? ఓటీపీ ఏ ఫోనుకి వస్తుంది? మనం పోయాక ఆ సిమ్ము ఆగిపోతే?

అందుకని మా ఇంట్లో పాత నల్ల ట్రంకుని పారెయ్యలేదు. తుప్పు గీకి, రంగు వేయించి, అడుగున నాలుగు ఇటుకలు పెట్టి పడగ్గదిలో ఉంచాను. రేకు పెట్టె కాబట్టి చెదలు తినవు. చెక్క బీరువాలు మాత్రం కొత్తగా పుట్టీ పెట్టిన గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా జరపండి, తడి పూర్తిగా ఆరదు. ట్రంకులో ఒక ఎర్ర ఫైలు. డిశ్చార్జి బుక్కు, పీపీవో, తర్వాత వచ్చిన సవరణ పీపీవోలు, ఈసీహెచ్ఎస్ కార్డుల నకళ్ళు, పెళ్ళి ఫోటో, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఇంటి రిజిస్ట్రీ. పై పేజీలో రికార్డ్ ఆఫీసు చిరునామా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఫోను. పేరు తేడా ఉంటే మనం బతికి ఉండగానే రాసి సరిచేయించుకోవాలి. మా ఆవిడ పేరులో ఒక్క అక్షరం సరికావడానికి మూడు ఉత్తరాలు పట్టింది.

ఫైలు కింద మా ఆవిడ ఇంకో మూట పెట్టింది. కేరాఫ్ 56 ఏ.పి.ఓ. అని తను రాసినవీ, నేను రాసినవీ ఇన్‌లాండు ఉత్తరాలు. అంచులు చెదలు తిన్నాయి. నేను బోర్డు ముందు పెట్టలేదు.

సర్దడం అయ్యాక చార్జి ఇచ్చాను. హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్. నేను కుర్చీలో కూర్చుని "పీపీవో తీసుకురా" అన్నాను. మొదటిసారి పావుగంట పట్టింది, చిరాకు పడింది కూడా, "ఇవన్నీ ఇప్పుడెందుకండీ" అని. వారం తర్వాత మళ్ళీ అడిగితే రెండు నిమిషాల్లో తెచ్చింది. విశాఖపట్నంలో ఉన్న అమ్మాయికి ఒక నకలు పంపాము.

ఆ ఫైలులో ఏమేం ఉండాలో రాసిన జాబితా జెరాక్సులు తెచ్చాను. భోజనాల దగ్గర ఇస్తాను. సోదరులకి కాదు, అక్కచెల్లెళ్ళ చేతికే ఇస్తాను.

జై హింద్.