మందం రేడియేటర్ వేస్తే కారు చల్లబడుతుందా? హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో నేను నేర్చుకున్నది

పోయిన ఎపిసోడ్‌లో రీమ్యాప్ గురించి మాట్లాడినప్పటి నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది. "అన్నా, స్టేజ్ వన్ చేయించాను, బయటి రేడియేటర్ ఏది వేయించాలి?" అని. ఒక బ్రాండ్ పేరు చెప్పేస్తే రెండు నిమిషాల్లో వీడియో అయిపోతుంది. కానీ నేను 28,000 రూపాయలు పెట్టి కొన్న ఫుల్ అల్యూమినియం రేడియేటర్ ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ఉంది. అందుకే బ్రాండ్ పేరు చెప్పను, జరిగింది చెప్తాను.

నాది టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు కారుది కాదు. మే నెల, మధ్యాహ్నం. మదనపల్లి నుంచి హార్స్‌లీ హిల్స్‌కి నలుగురం బయల్దేరాం, ఏసీ ఫుల్‌లో ఉంది. మదనపల్లి సముద్రమట్టానికి 700 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, కొండపైన సుమారు 1,265 మీటర్లు. ఘాట్‌లో ముందు ఆర్టీసీ బస్సు, వెనకాల సెకండ్ గేర్‌లో నేను. డాష్‌బోర్డ్‌లో టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది, కదల్లేదు. కానీ ఫోన్‌లో ఓబీడీ యాప్ పెట్టి ఉంచాను. అందులో కూలెంట్ 104, 108, 112. ఆ తర్వాత ఏసీ తనంతట తనే ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క మాట. ఈ రోజుల్లో చాలా కార్లలో ఆ ముల్లు నిజం చెప్పదు. అసలు వేడి 80 నుంచి 105 మధ్య ఎక్కడున్నా ముల్లు 90 మీదే నిలబడేలా కంపెనీలే ప్రోగ్రామ్ చేస్తాయి, డ్రైవర్ ఊరికే కంగారు పడకూడదని. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి కొనుక్కోండి. రేడియేటర్ కంటే ముందు కొనాల్సింది అదే.

సరే, బండి పక్కకు ఆపాం. నేను బానెట్ ఎత్తాను. మా ఫ్రెండ్ ఒకడు, నేను "వద్దురా" అనేలోపే, మూత తిప్పేశాడు. ఇంట్లో కుక్కర్ విజిల్ రాకముందే మూత లాగితే ఏమవుతుందో అదే అయింది. రేడియేటర్ మూత కూడా కుక్కర్ వెయిట్ లాంటిదే. లోపల ప్రెషర్ పట్టి ఉంచుతుంది కాబట్టే కూలెంట్ 110 దాటినా మరగదు. మూత తీస్తే ప్రెషర్ పోతుంది, ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. వాడి ముంజేయి మొత్తం కాలింది. మూడు వారాలు కట్టు. ఇప్పటికీ ఫుల్ షర్టే వేస్తాడు. ఆ రోజు నుంచి నాకు ఈ సబ్జెక్ట్ హాబీ కాదు.

వాడికి అలా అయ్యాక నేనేం చేయాలి? కారణం వెతకాలి. నేనేం చేశానంటే, ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. కంపెనీ రేడియేటర్ కోర్ మందం 26 మిల్లీమీటర్లు, ఇది 52. రెండింతలు మందం కాబట్టి రెండింతలు చల్లదనం అనుకున్నా. బీటెక్ చదివాను గానీ నాది కంప్యూటర్ సైన్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ మా సిలబస్‌లో లేదు, క్షమించండి. మందం ఎక్కువ కావడంతో ఒరిజినల్ ఫ్యాన్, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు పట్టలేదు. తీసేసి, ఒక సన్నటి ఫ్యాన్‌ని నేరుగా కోర్‌కే ట్యాగ్‌లతో కట్టించాను.

కుప్పంలో నాకొక ఫ్రెండ్ ఉన్నాడు, వాడిదీ ఇలాంటి కారే, నాకంటే ఎక్కువ పవర్ తీశాడు. కొత్త రేడియేటర్ వాడికి చూపిద్దామని బయల్దేరాను. మదనపల్లి దాటి ఖాళీ రోడ్డు మీద 88 డిగ్రీలు. ఎంత ఆనందమో! పుంగనూరు వచ్చింది. సాయంత్రం బజారు, టమాటా లోడ్ ఆటోలు, ఎద్దుల బండి, బైకులు. పది నిమిషాలు పాకుతూ పోయాను. 97, 103, 109. ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, అద్దాలు దించి, చెమటలు కక్కుతూ ఊరు దాటాను. హీటర్ కూడా చిన్న రేడియేటరే కాబట్టి ఆ ట్రిక్ పనిచేస్తుంది, ఎమర్జెన్సీలో గుర్తుంచుకోండి. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి రాత్రయింది.

మా వాడు నా ఫ్యాన్ చూసి నవ్వలేదు. లోపలికెళ్లి ఒక ఏ4 కాగితం తెచ్చాడు. "ఏసీ వేసి ఫ్యాన్ తిరగనీ" అన్నాడు. కాగితాన్ని ముందు వైపు నుంచి పెట్టి వదిలాడు. జారి కింద పడింది. తన కారుకి పెట్టాడు. గోడకి పోస్టర్ అతికించినట్టు అతుక్కుపోయింది.

మొత్తం విషయం ఆ కాగితంలో ఉంది. రేడియేటర్ వేడిని తినేయదు, గాలికి అప్పజెప్తుంది. గాలి కదలకపోతే ఎంత అల్యూమినియం ఉన్నా దండగే. కోర్ మందం పెరిగితే వెనక పొరలకు చేరే గాలి అప్పటికే ముందు పొరల్లో వేడెక్కి ఉంటుంది. పైగా మందం కోర్ గుండా గాలిని లాగాలంటే ఫ్యాన్‌కి బలం కావాలి. స్పీడ్‌లో గాలి తనే దూసుకొస్తుంది కాబట్టి హైవే మీద 88. బజారులో ఫ్యాన్ ఒక్కటే దిక్కు. నాదేమో సన్న ఫ్యాన్, తొడుగు లేదు, కాబట్టి ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతోంది, నాలుగు మూలలూ ఊరికే ఉన్నాయి.

మరి వాడిది కూడా మందమైనదే కదా అంటే, అవును, 40 మిల్లీమీటర్లు. కానీ వాడికి అవసరం ఉంది. ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తాడు, శ్రీపెరుంబుదూర్ దగ్గరున్న మద్రాస్ సర్క్యూట్. ల్యాప్ 3.7 కిలోమీటర్లు, ఒక్కో సెషన్ పదిహేను ఇరవై నిమిషాలు ఫుల్ థ్రాటిల్. అంతసేపు ఫుల్ పవర్ రోడ్డు మీద ఎవరం వాడం. వాడు కొనేటప్పుడు మొదట చూసింది మందం కాదు, ఒరిజినల్ ఫ్యాన్ తొడుగు బోల్టులు యథాతథంగా కూర్చుంటాయా లేదా అని. తర్వాత రేకుల మధ్య సందు. మరీ దగ్గరగా ఉంటే దుమ్ము, పురుగులు ఇరుక్కుని గాలి ఆగిపోతుంది. ఆ తర్వాత ట్యాంకులు వెల్డింగా, జిగురుతో అతికించారా అన్నది. చివరగా బంపర్‌కి, రేడియేటర్‌కి మధ్య ఉన్న సందులన్నీ ఫోమ్‌తో మూసేశాడు, గాలి పక్కనుంచి తప్పించుకోకుండా. ఆ ఫోమ్ ఖర్చు రెండు వందలట. నా 28,000 కంటే అది మేలు.

సరే, ఫ్యాన్ సంగతి తెలిసింది. మరి ఘాట్‌లో ఒరిజినల్ రేడియేటర్‌తోనే 112 ఎందుకొచ్చింది? దీనికి జవాబు మదనపల్లిలో ఒక పాత రేడియేటర్ షాపులో దొరికింది. లారీలు, ట్రాక్టర్లు చేసే పెద్దాయన. నా పాత రేడియేటర్ చేత్తో ఎత్తి చూసి, "ఏం అబ్బోడా, ఇంత బరువుంది, ఏం పోసినావు ఇందులో?" అన్నాడు. పక్క ప్లాస్టిక్ ట్యాంకు విప్పాడు. లోపల గొట్టాలు సగానికి పైగా తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి.

మా ఇంటి బోరు నీళ్లు! ట్యాంకు అతుకు దగ్గర ఎక్కడో సన్నగా కారుతోంది. నేను రెండేళ్లుగా లెవెల్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోస్తూ వచ్చాను. మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగుతాయి, నీళ్లెంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో మా గీజర్ రాడ్‌ని అడగండి. స్నానం బకెట్ మీద తెల్ల మరక చూసి తిట్టుకునేవాణ్ణి, అవే నీళ్లు ఇంజిన్‌లో పోశాను. వేడి గొట్టంలో సున్నం పొర కడుతుంది, ఆ పొర దుప్పటి కప్పినట్టు వేడిని బయటికి పోనివ్వదు. కూలెంట్ కూడా పలచబడి, తుప్పు ఆపే మందు పని చేయడం మానేసింది.

పైగా కొండ. 1,265 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం కంటే దాదాపు 12 శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ అయితే పవర్ కూడా తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మన టర్బో ఆ పలచటి గాలిని కూడా కుక్కి పవర్ నిలబెడుతుంది. అంటే వేడి దాదాపు అంతే, చల్లబరిచే గాలి మాత్రం తక్కువ. ఎండాకాలం ఘాట్ రోడ్డే నిజమైన పరీక్ష, హైవే కాదు.

పెద్దాయన రాగి రేడియేటర్ చేయించుకోమన్నాడు. రాగి వేడిని అల్యూమినియం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బాగా మోస్తుంది, అది నిజమే. ఊళ్లోనే సోల్డర్ పెట్టి బాగుచేసుకోవచ్చు, అదీ నిజమే. కానీ బరువు, పైగా అతుకుల్లో సీసం సోల్డర్ రాగి అంత బాగా వేడిని మోయదు. మన కార్లకు అల్యూమినియమే నయం అని నా అభిప్రాయం. ఆయనతో అరగంట వాదించాను, ఆయన ఒప్పుకోలేదు, టీ మాత్రం ఇప్పించాడు. ఇంకో సలహా కూడా ఇచ్చాడు, థర్మోస్టాట్ తీసేయమని. అది మాత్రం చేయకండి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, మరిగే సమస్య అలాగే ఉంటుంది.

చివరికి నేను వేయించింది ఒరిజినల్ సైజు కొత్త రేడియేటర్, పాత ఫ్యాన్, పాత తొడుగు, కొత్త మూత, కొత్త థర్మోస్టాట్. సిస్టమ్ మొత్తం కడిగించి, మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కూలెంట్ రంగు చూసి కలపకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు ఉంటాయి. మొత్తం ఖర్చు ఆ ఆన్‌లైన్ రేడియేటర్‌లో సగం కూడా కాలేదు. మళ్లీ మే ఎండలో, అదే కొండ, అదే నలుగురు, ఏసీ ఫుల్. ముందు బస్సు కూడా దొరికింది, అదృష్టం. 101 దాటలేదు. మా ఫ్రెండ్ దారంతా ఫోన్‌లో నంబరే చూస్తూ కూర్చున్నాడు, కొండపైకి వెళ్లాక కూడా బానెట్ దగ్గరకు రాలేదు.

మీ బండికి కాగితం పరీక్ష చేసి వీడియో పంపండి. ఫ్యాన్‌కి చేతులు, చున్నీలు, ఇయర్‌ఫోన్ వైర్లు దూరంగా ఉంచండి. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు 40 మిల్లీమీటర్ల సంగతి అడగండి, మా కుప్పం వాణ్ణి లైవ్‌కి పిలుస్తాను. నా 52 మిల్లీమీటర్లది ఎవరికైనా కావాలంటే చెప్పండి. మా అమ్మ ఊడ్చేటప్పుడల్లా "ఈ ఇనుము ఎప్పుడు తీస్తావురా" అంటోంది. అల్యూమినియం అమ్మా అంటే ఇంకా కోపం వస్తోంది.