ఎక్కడి నేరం, ఎక్కడి కోర్టు!

"నీ వృత్తి గురించి పావుగంట మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. వకీలుకు పావుగంట ఏ మూలకు! అందుకే ఒక్క కేసు చెబుతాను.

2014 ఆగస్టు 3న ఇరాక్‌లోని సింజార్ ప్రాంతం మీద ఐసిస్ విరుచుకుపడింది. యజీదీల్లో మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మింది. అలా ఒక తల్లినీ ఆమె అయిదేళ్ల కూతురినీ తాహా అల్ జుమైలీ అనేవాడు కొన్నాడు. 2015 వేసవిలో ఫలూజాలో, పక్క తడిపిందని ఆ పసిదాన్ని మండుటెండలో కిటికీకి కట్టేశాడు. పాప చనిపోయింది.

వాణ్ణి 2019లో గ్రీసులో పట్టుకుని జర్మనీకి అప్పగించారు. విచారణ ఫ్రాంక్‌ఫర్ట్‌లో. నిందితుడు జర్మన్ కాదు, బాధితులు కారు, నేరం జరిగింది అక్కడ కాదు. మరి ఆ కోర్టుకేం పని? జాతిహననం ఎవరు ఎక్కడ చేసినా విచారించవచ్చని 2002లో జర్మనీ చట్టం చేసుకుంది. ఇరాక్ అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో సభ్యదేశం కాదు. హేగ్ దారి దాదాపు మూసినట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. చనిపోయింది ఒక్క పిల్ల. అది హత్య అంటాం గాని జాతిహననం ఎలా అవుతుంది? ఆ చట్టం తలలు లెక్కపెట్టదండీ. ఒక జాతినో మతాన్నో పూర్తిగా గాని, కొంత గాని రూపుమాపాలన్న ఉద్దేశం ఉందా అని చూస్తుంది. ఆ తల్లీబిడ్డలను కొనడం, హింసించడం యజీదీలను తుడిచిపెట్టే పనిలో భాగమేనని కోర్టు తేల్చింది.

సాక్ష్యం? జుమైలీ జర్మన్ భార్య, మళ్లీ సిరియాకు బయలుదేరి, కారు డ్రైవరుతో ఈ సంగతంతా చెప్పుకుంది. ఆ డ్రైవరు పోలీసుల మనిషి, కారులో మైకులున్నాయి! అయినా బరువంతా మోసింది తల్లే. భార్య కేసు మ్యూనిక్‌లో, భర్త కేసు ఫ్రాంక్‌ఫర్ట్‌లో; కూతురి చావును ఆమె రెండు కోర్టుల్లోనూ చెప్పాల్సి వచ్చింది. పాప చనిపోయినట్టు రుజువేదీ అని భార్య తరఫు వకీళ్లు వాదించారు. మా వృత్తిలో అది తప్పదు. కానీ చదువుతుంటే నాకే తలెత్తబుద్ధి కాలేదు.

2021 నవంబరు 30న జుమైలీకి యావజ్జీవం పడింది. తల్లికి 50,000 యూరోలు చెల్లించమన్నారు. యజీదీల మీద జాతిహననానికి ప్రపంచంలో ఇదే తొలి శిక్ష. భార్యకు మొదట 10 ఏళ్లు, 2023లో 14కు పెంచారు.

మనమూ 1959లోనే జాతిహనన ఒప్పందాన్ని ఆమోదించాం. దానికి తగ్గ చట్టం మాత్రం చేసుకోలేదు. సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లోనే ఈ లోటు ఎత్తిచూపింది. అలాంటివాడు రేపు శంషాబాద్‌లో దిగినా, జాతిహననం కింద అభియోగం మోపడానికి మన దగ్గర సెక్షన్ లేదు.