పురిటినొప్పుల మందు, పసిబిడ్డ చనుబాలు

పురిటిగదినుండి వచ్చిన శిశువు మొదటిపూట చన్ను పట్టక మగతగా పడియుండినచో, ఇంటి పెద్దలు "తల్లికి పాలు పడలేదు" అని తేల్చివేయుదురు. వెంటనే పంచదారనీళ్లో, డబ్బాపాలో సిద్ధమగును. నిందమోయునది పాపము ఆ బాలింత! కారణము ఆమె పాలలో గాక, కొన్ని గంటలకు ముందు ఆమెకిచ్చిన సూదిమందులో నుండవచ్చునని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ప్రసవవేదనకు మందిచ్చుట నిన్న మొన్నటి సంగతి కాదు. 1847లో ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడెను. 1853లో విక్టోరియా రాణి స్వయముగా దానిని పీల్చి కాన్పు కాగా, అంతకుముందు వినవచ్చిన ఆక్షేపణలు చాలవరకు సద్దుమణిగినవి. మన హైదరాబాదులోనే 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభువు ధనసహాయముతో క్లోరోఫారముపై రెండు కమిషన్లు పనిచేసినవి. అవి కాన్పుల కొరకు ఏర్పడినవి కావు. అయినను మత్తుమందుల చర్చ మన గడ్డకు క్రొత్త కాదని జ్ఞాపకము చేయుచున్నాము.

ఇక పెథిడిన్ సంగతి. ఈ సూదిమందు తల్లి రక్తమునుండి మావిని దాటి గర్భస్థశిశువును చేరును. తల్లి శరీరము కొన్ని గంటలలో తొలగించుకొను మందును పసికందు లేత కాలేయము అంత త్వరగా తొలగింపజాలదు. ఆ మందునుండి పుట్టు నార్‌పెథిడిన్ అను పదార్థము శిశువు ఒంటిలో రెండు మూడు దినములు సైతము నిలువగలదు. సూది వేసిన రెండు మూడు గంటలకు కాన్పైనచో బిడ్డకు మగత హెచ్చు. అట్టి బిడ్డ చన్ను వెదకుటలోను, పీల్చుటలోను వెనుకబడును. 1990లో స్వీడను దేశమున 72 మంది శిశువులను పరిశీలింపగా, పెథిడిన్ పొందిన తల్లుల బిడ్డలలో పెక్కురు కాన్పైన వెంటనే చన్ను పీల్చనే లేదు.

వెన్నులో సన్నని గొట్టముగుండ ఇచ్చు ఎపిడ్యూరల్ మందు తీరు వేరు. అందులో తల్లి రక్తమున చేరు మోతాదు స్వల్పము. దీనివలన చనుబాలకు అడ్డు కలుగునా యని జరిగిన పరిశోధనలు ఏకాభిప్రాయమునకు రాలేదు. సుదీర్ఘమైన కాన్పు, తల్లి అలసట, శస్త్రచికిత్స ఇవియన్నియు కలిసియుండగా మందునొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. ముక్కునకు తొడుగుపెట్టి పీల్పించు నైట్రస్ ఆక్సైడు వాయువైతే ఊపిరితోనే త్వరగా వెలుపలికి పోవును.

నొప్పి నోర్చుటయే మాతృత్వమునకు పరీక్ష యనుట మాకు సమ్మతము కాదు. మందు కావలసిన తల్లి నిస్సంకోచముగా కోరవచ్చును. అయితే ఏ మందు, ఎన్ని గంటలకు ఇచ్చిరో ఇంటివారు అడిగి తెలిసికొనుట మంచిది. బిడ్డ మగతగా నున్నచో తల్లి రొమ్మునకు ఒంటినొంటి తాకునట్లు పడుకొనబెట్టి, మాటిమాటికి చన్ను అందింపవలెను. పట్టనిచో ముర్రుపాలను చేతితో పిండి, నర్సు సలహాతో శుభ్రమైన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవచ్చును. వానిని పారబోయుట మహాపరాధము! తేనె మాత్రము నాకింపరాదు. బిడ్డ ఎంత లేపినను లేవకున్నను, ఊపిరి మందగించినను, ఒడలు నీలిరంగుకు తిరిగినను, పాలమాట ప్రక్కనబెట్టి తక్షణము వైద్యుని పిలువవలెను.