పొట్లం పిండితో అట్లు

కాకినాడ నుండి ఉప్పాడకు సముద్రపుటొడ్డునే పోయే దారి ఒకటి ఉన్నది. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా అలలు ఆ దారిని కొంత కోసుకొనిపోతాయి. మరల రాళ్ళు పోసి దానిని నిలబెడతారు. ఒకనాటి ఉదయం రికార్డింగు యంత్రాన్ని భుజాన తగిలించుకొని నేను ఆ దారినే ఉప్పాడ వెళ్ళాను. అక్కడి జామ్దానీ చీరల నేతను గూర్చి ఒక కార్యక్రమం రూపొందించవలసి ఉన్నది. మగ్గం చప్పుడుతో పాటు ఆ యింటి ఉదయపు చప్పుళ్ళు కూడ కొన్ని ఉంటే బాగుండునని, వంటింటి గడపలో నిలబడి యంత్రం మీట నొక్కాను. పెనం మీద అట్టు పిండి పడి చుయ్యిమన్న ధ్వని చక్కగా వచ్చినది. ఇంతలో ఆ ఇల్లాలు నన్ను చూచి, గట్టుమీద ఉన్న ఒక రంగుల పొట్లాన్ని గబగబ బియ్యపు డబ్బా వెనుకకు నెట్టివేసింది.

"పొట్లం పిండండీ మేడమ్ గారూ! ఈ సంగతి మాత్రం రేడియోలో చెప్పకండి," అన్నది.

ఆ మాటకు కట్టుబడి ఆమె పేరుగాని, వీధిగాని చెప్పడం లేదు. పొట్లం సంగతి చెప్పడానికి తరువాత ఆమె వద్దనే అనుమతి తీసుకొన్నాను.

ఇంతకూ అందులో దాచుకోవలసినది ఏమున్నది? ఆ యింట మగ్గం మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుంటారు. జామ్దానీ నేతలో బుటాకు పోయే దారాన్ని పడుగు పోగుల నడుమ చేతితోనే ఎక్కించవలె. ఆ పనికి చీర వెడల్పున ఇద్దరు కావలె. పూర్తయిన చీరను తిప్పి చూచినా ఏది లోపలి వైపో, ఏది వెలుపలి వైపో తెలియనంత శుభ్రంగా ఉంటుంది. 2009లో ఉప్పాడ జామ్దానీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది ఆ పనితనం వల్లనే. ఆకృతిని బట్టి ఒక్కొక్క చీరకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. మజూరీ చీర లెక్కన. ఆమె వంటింటిలో అరగంట నిలబడితే మగ్గం మీద ఒక ఆసనం అరగంట ఖాళీ. రెండవ ఆసనంలోని మనిషి ఒంటరిగా ముందుకు సాగలేడు. అటువంటి యింట పప్పు నానబోసి, పొట్టు కడిగి, రుబ్బి, గిన్నెలు తోముకొనే సరికి ఎంత కాలం పోతుందో ఆమెకు మనకంటె బాగా తెలుసు. రుబ్బురోలు పెరటిలో తులసికోట పక్కన వానకు తడుస్తున్నది. మిక్సీ ఉన్నది, కాని దాని ముందు కూడ ఎవరో ఒకరు నిలబడవలసిందే కదా.

అయినా ఆమె సిగ్గుపడ్డది. అట్టు అనేది గృహిణి యొక్క శ్రద్ధకు కొలమానమని మన యిళ్ళలో ఏనాడో నిర్ణయమైపోయినది. ఆమె అత్తగారు నడవలో చిలపలు చుడుతూ, నేను అడగకుండానే, "పొట్లం పిండికి పులుపు ఎక్కడిదండీ? దానిని అట్టు అని మనం అనుకోవలె గాని, అది అనుకోదు," అన్నారు. ఆ మాట నా యంత్రంలో స్పష్టంగా రికార్డయినది. కార్యక్రమంలో దానిని వాడలేదు గాని, ఈనాటి ప్రసంగానికి మూలం అదే.

అట్టు మనకు కొత్తది కాదు. పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథంలో పప్పుతో చేసే 'ధోసక' ప్రస్తావన ఉన్నది. ఇతర దేశాలవారికి కూడ అట్లు ఉన్నాయి. ఫ్రాన్సు దేశంలో 'క్రేప్' అంటారు. గోధుమపిండి, పాలు, గ్రుడ్లు కలిపి కాగితంవలె పలుచగా పోస్తారు. ప్రతి ఫిబ్రవరి 2వ తేదీన అక్కడ ఒక పండుగ. ఆ రోజున ఒక చేత నాణెం పట్టుకొని, రెండవ చేత పెనాన్ని ఎగరవేసి అట్టు తిరగవేస్తే ఆ ఏడు కలిసివస్తుందని వారి నమ్మకం. మన అట్లతద్దికి వారి దేశంలో ఒక దూరపు చుట్టం ఉన్నదన్నమాట.

పిండిని ముందే కలిపి అమ్మే పద్ధతి కూడ నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు సెయింట్ జోసెఫ్ పట్టణంలో 1889లోనే అట్ల పిండిని ఆ విధంగా సిద్ధం చేశారు. మన దేశంలో పూనాలో 1963లో మొదలైన ఒక సంస్థ ఇటువంటి మిశ్రమాలను ఇంటింటికీ పరిచయం చేసినది. సంస్థల పేర్లు చెప్పడం నా పని కాదు. దానికి వాణిజ్య ప్రకటనల విభాగం వేరే ఉన్నది.

అత్తగారి ఆక్షేపణకు వద్దాము. ఆమె చెప్పినది నిజమే. మనం రుబ్బిన పిండిని రాత్రి మూసి ఉంచితే, మినపపప్పులోను, బియ్యంలోను సహజంగా ఉండే సూక్ష్మజీవులు పనిచేసి ఆమ్లాన్ని, వాయువును పుట్టిస్తాయి. మినపపప్పులోని జిగురు ఆ వాయువును పోనీయక పట్టి ఉంచుతుంది. పిండి పొంగడానికీ, ఆ కమ్మని పులుపుకూ కారణం ఇది. పొట్లంలో ఈ పనిని సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు వంటి పదార్థాలకు అప్పగిస్తారు. నీళ్ళు తగలగానే రెండూ కలిసి బుడగలు పుట్టిస్తాయి. బుడగలు వస్తాయి గాని, ఎనిమిది గంటల పులుపులోని రుచి ఎనిమిది నిమిషాలలో రాదు.

కాబట్టి పొట్లం మనకు ఆదా చేసేది ఒకటి కాదు, రెండు. ఒకటి రుబ్బే శ్రమ, రెండవది రాత్రి గడిచే కాలం. శ్రమ తగ్గితే మంచిదే. కాని రాత్రి గడవడానికి మనం ఏమీ ఖర్చు పెట్టనక్కరలేదు గదా! ఈ రెండింటినీ విడదీసి చూచినప్పుడు, దుకాణపు పొట్లాన్ని ఎప్పుడు వాడవచ్చునో, ఎప్పుడు వాడనక్కరలేదో తెలిసిపోతుంది.

చెప్పకుండా చుట్టాలు వచ్చినప్పుడు, ఇంట ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు, చీర మగ్గం నుండి దించవలసిన వారంలోను పొట్లం మంచి స్నేహితురాలు. అయితే కొనే ముందు వెనుకవైపు చూడండి. ఎక్కువ పాళ్ళలో ఉన్న పదార్థం ముందు, తక్కువ పాళ్ళలో ఉన్నది తరువాత వచ్చేటట్లు వరుసగా ముద్రించవలెనని మన దేశపు నిబంధన. ముందువైపు మినపగుండు బొమ్మ ఎంత పెద్దదిగా ఉన్నా, వెనుక బియ్యపుపిండి, మైదా తరువాత ఎక్కడో మినపపిండి కనిపిస్తే అది ఏపాటి మినపట్టో మీరే ఊహించుకోవచ్చును. నా అనుభవంలో పొట్లాలలో రవ్వట్టు పిండి అన్నిటికంటె నయం. రవ్వట్టుకు పులియడంతో అంతగా నిమిత్తం లేదు. లేని పులుపును దాని నుండి ఎవరూ ఆశించరు.

కలపడంలో మొదటి జాగ్రత్త ఉప్పు. పొట్లంలో ఉప్పు ముందే ఉంటుంది. చేయి అలవాటున నేను ఒకసారి మరికొంత వేశాను. ఆ పూట మా యింట అట్లకంటె మజ్జిగ ఎక్కువ ఖర్చయినది. రక్తపు పోటు ఉన్నవారు సోడా ఉప్పులోని సోడియం కూడ లెక్కకు వస్తుందని గుర్తుంచుకోవలె. రెండవది నీళ్ళు. పొట్లం మీద చెప్పిన నీళ్ళలో కొన్నింటికి బదులు పుల్లని మజ్జిగ పోయండి. లేని పులుపు కొంత వస్తుంది. పది పదిహేను నిమిషాలు ఉంచితే రవ్వ, పిండి నీటిని పీల్చుకొని చిక్కబడతాయి. అప్పుడు మరికొన్ని నీళ్ళు పోసి, పలుచగా కావలెనంటే గరిటెనుండి ధారగా జారేటట్లు చేసుకోవలె. అంతకంటె ఎక్కువసేపు ఉంచితే బుడగలు పోతాయి. ఆ పూటకు కావలసినంతే కలపండి. మిగిలినదానిని రాత్రంతా ఉంచి పులిసినదని సంతోషించకండి.

ఇక పెనం. ఉప్పాడలో రికార్డు చేసిన ధ్వనిని స్టూడియోలో పదిమార్లు విన్న తరువాత నాకు ఒక సంగతి తెలిసినది. పెనం వేడిని కంటితో కంటె చెవితో కనిపెట్టడం సులభం. పిండి పడినప్పుడు ఏ శబ్దమూ లేకపోతే పెనం చల్లగా ఉన్నదన్నమాట, అట్టు అంటుకొంటుంది. చిటపటమని పెద్దగా అరిస్తే వేడి మీరినదన్నమాట; పిండి పెనానికి కాక గరిటెకు అంటుకొని ముద్దలు కడుతుంది. మెత్తగా, తెంపు లేకుండా చుయ్యిమనవలె. వేడి ఎక్కువైతే గుప్పెడు నీళ్ళు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, మంట తగ్గించి పిండి పోయండి. తిప్పిన తరువాత మంట పెంచండి. నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో పెనం రుద్దే పాత పద్ధతికి పొట్లం పిండి దగ్గర కూడ తిరుగులేదు. మినపట్టును నడుమ పోసి గరిటె అడుగుతో వెలుపలికి తిప్పవలె. రవ్వట్టును తిప్పకూడదు, అంచు నుండి నడుమకు చల్లినట్లు పోయవలె. జల్లెడవలె చిల్లులు పడితేనే అది కరకరలాడుతుంది. జీలకర్ర, అల్లం, పచ్చిమిరప ముక్కలు, కరివేపాకు మీరు వేసుకోవలసినవే. పొట్లంలో ఉన్న ఎండు కరివేపాకు పేరుకు మాత్రమే.

ఇక రోజూ అట్లు పోసుకొనే యింటి సంగతి. ఇక్కడ దుకాణపు పొట్లం వద్దని నా అభిప్రాయం. ఆ పొట్లాన్ని మనమే తయారు చేసుకోవచ్చును. మూడు గ్లాసుల బియ్యం కడిగి నీడన బాగా ఆరబెట్టండి. ఒక గ్లాసు మినపపప్పును పొడిగుడ్డతో తుడవండి. ఒక చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు చేర్చి పిండి మరలో మెత్తగా ఆడించి తెచ్చుకోండి. ఉప్పుగాని సోడాగాని ఇప్పుడు వద్దు. రాత్రి భోజనాలు అయిన తరువాత కావలసినంత పిండిని గోరువెచ్చని నీళ్ళతో కలిపి, ఉప్పు వేసి, అయిదు నిమిషాలు చేతితో బాగా గిలకొట్టి మూత పెట్టండి. వేసవిలో తెల్లవారేసరికి పులుస్తుంది. పుష్యమాసపు చలిలో చెంచాడు పుల్లని పెరుగు కలపవలసి ఉంటుంది. తడిగా రుబ్బిన పిండి పొంగినంతగా ఇది పొంగదు. ఇడ్డెనులకు చాలదు, ముందే చెబుతున్నాను. అట్లకు చాలును. మిగిలిన పొడిని తడి తగలని బిగుతు మూత డబ్బాలో పోసి నెలలోపల వాడుకోవలె. ఉప్పాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి తగిలితే పిండి ఉండలు కడుతుంది; అక్కడ పదిహేను రోజులకు సరిపడా ఆడించుకోవడమే మేలు.

ఈ పద్ధతిని ఆ ఇల్లాలికి చెప్పినప్పుడు ఆమె వెంటనే అడిగిన ప్రశ్న, "అట్లతద్దికి పనికివస్తుందాండీ?" అని. ఆశ్వయుజ బహుళ తదియనాడు గౌరీదేవికి నివేదించే అట్లు, ముత్తయిదువకు వాయనమిచ్చే 11 అట్లు పొట్లం పిండితో పోయరాదని అత్తగారి కట్టడి. ఏడాదికి ఆ ఒక్కరోజు రోలు కడిగి బోర్లించేవారట. ఆ రోజు మగ్గం ఆగేది. నాకు శాస్త్రం తెలియదు, పురోహితులను అడగలేదు. నేను అత్తగారినే అడిగాను. ఆమె చిలప చుట్టడం ఆపి కొంచెం ఆలోచించారు.

"గింజ మన చేత్తో కడిగిందే కదా? రాత్రి మన యింట్లో పులిసిందే కదా?" అన్నారు.

"ఆయ్, అంతేనండీ," అన్నది కోడలు.

"అయితే మర తిప్పితే తప్పేమిటి? కాని ఆ రోజు పోసేది మాత్రం నేను. నీ చేతి అట్టు మందం."

కోడలు నవ్వి మగ్గం దగ్గరకు వెళ్ళిపోయినది. అట్టు మందం కావడానికి కారణం చేయి కాదు, పెనం. ఇనుప పెనాన్ని వాడిన వెంటనే సబ్బుతో తోమితే దాని మీది నూనె పొర పోయి మరునాడు మొదటి మూడు అట్లు చినుగుతాయి. అవి చినగకుండా ఉండాలని చాలామంది పిండి చిక్కగా కలుపుతారు. పెనాన్ని వేడి నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, పొయ్యి మీద ఒక్క నిమిషం ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె రాచి బోర్లించి ఉంచండి. ఉప్పుగాలి ఊళ్ళలో ఇది ఒక్కరోజు మరచినా తుప్పు పడుతుంది.