ఊరి పనికి కాలేజీ పిల్లలు
(మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఎ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడుకోవడం అలవాటు. ఈసారి కార్యవర్గం వారు నాకు వేరే పని అప్పగించారు. కాలేజీలో చదివే పిల్లలు ఊరి పనుల్లో ఎట్లా పాలుపంచుకోవచ్చునో చెప్పమన్నారు. నేను నాయకుణ్ణి కాను, పంతులునూ కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య కూర్చున్న గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన కాగితం సంగతే చెబుతాను.

మనం కూర్చున్నది పాలకుర్తిలో. పాల్కురికి సోమనాథుడి పేరుతో చెప్పుకునే ఊరు. పోతన గారి ఊరని మనం గర్వపడే బమ్మెర పక్కనే ఉంది. ఈ పాలకుర్తిలోనే 1940ల్లో చాకలి ఐలమ్మ గారు తాను కౌలుకు చేసిన భూమిని, పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ పాలు కాకుండా నిలబెట్టుకున్నారు. ధైర్యం ఆమెది. ఆమె వెంట ఆంధ్ర మహాసభ కార్యకర్తలు నిలిచారు. న్యాయం ఉండి చదువు లేని మనిషి పక్కన చదువుకున్నవాడు నిలబడితే ఏమవుతుందో ఈ ఊరు ఆనాడే చూసింది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏ ఆఫీసో అడగకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ వృద్ధాప్య పెన్షన్ కోసం అర్జీ ఇచ్చింది. దాని మీద తేదీ లేదు, తండా పేరు లేదు, వేలిముద్ర పక్కన సాక్షి సంతకమూ లేదు. అసంపూర్తిగా ఉందని ఫైలు అడుగున పెట్టాను. ఆవిడ రెండుసార్లు వచ్చి, "సారూ, నా కాయితం ఏమాయె?" అని అడిగింది. "చూస్తం పో అవ్వా" అన్నాను తప్ప, ఏం లోపం ఉందో చెప్పలేదు. మూడోసారి ఆవిడ వెంట ఇంటర్ చదివే మనుమడి వరుస పిల్లవాడు వచ్చాడు. అర్జీ కొత్తగా, వివరంగా రాసుకొచ్చాడు. గొడవ పడలేదు. "సార్, అవ్వ కాయితం ముట్టినట్టు నంబరేసి రసీదు ఇయ్యుండ్రి" అన్నాడు, అంతే. ఇన్‌వర్డ్ నంబరు పడ్డ కాగితాన్ని ఎవరూ అడుగున పెట్టలేరు. ఆవిడకు పెన్షన్ వచ్చింది. అంతకు ముందు పోయిన నెలలు మాత్రం తిరిగి రాలేదు. ఆ నెలలు నా ఖాతాలోనే ఉన్నాయి.

పిల్లలూ, ఆ అబ్బాయి చేసిన పనే మీరూ చేయవచ్చు. అందుకు దారులు నాలుగు చెబుతాను.

మొదటిది ఓటు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. 17 నిండగానే ఫారం 6 ముందుగా ఇచ్చుకోవచ్చు.

రెండోది గ్రామసభ. జాబితాలో పేరు ఎక్కిన ప్రతివారూ అందులో సభ్యులే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. వెళ్లి కూర్చోండి. నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారు, వీధి దీపాలకు ఎంత ఖర్చయింది అని మర్యాదగా అడగండి. అడిగింది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూడండి.

మూడోది 2005 సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక్క కాగితంలో ఒక్క విషయమే అడగండి. తేదీ వేయండి, నకలు ఉంచుకోండి, రసీదు తీసుకోండి.

నాలుగోది కాలేజీలోనే ఉంది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి, ఫోటో దిగి రావడంతో సరిపెట్టకండి. శిబిరం పెట్టిన ఊళ్లో ఎవరెవరికి పెన్షన్ అందడం లేదో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. ఆ జాబితా పట్టుకొని సోమవారం జనగామ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి ఆ ముసలివాళ్లతో కలిసి వెళ్లండి.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. "ఊరి పనులంటే రాజకీయాలు, చదువు పాడవుతుంది" అంటారు. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో కాలేజీల నుంచి వెళ్లగొట్టబడిన పిల్లలను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వారిలో మన వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు గారు ఒకరు. 1991లో ఆయన ప్రధానమంత్రి అయ్యారు. నేటి పిల్లలకు అంతటి కష్టం లేదు. నెలకు రెండు ఆదివారాలు ఇస్తే చాలు. పార్టీ జెండా పట్టనవసరం కూడా లేదు.

చివరగా మన పెన్షనర్లకు ఒక విన్నపం. అర్జీ ఎట్లా రాయాలో, ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో మనకన్నా తెలిసినవారు లేరు. ఫోనులో వెతకడం, తిరగగల కాళ్లు పిల్లలవి. ఒక్కొక్కరం ఒక్కొక్క కాలేజీ పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకుందాం. ఆదివారం రెండు గంటలు మన సంఘం గదిలో బల్ల వేసి, వచ్చినవారికి అర్జీలు రాసిపెడదాం. మొదటి ఆదివారం నేను వస్తాను. నాతోపాటు డిగ్రీ చదివే మా మనుమరాలు వస్తానంది.